ఆమెకు ఇష్టం లేదంట

“ఒంటి చేత్తో సంగటి యాడ కెలుకుతావు, ఎవురినన్నా తోడు పిలుచుకో” అంది మా అత్త శకుంతలమ్మ, కల్యాణ మండపం స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుని. ఆ మాట చెప్పడానికి ఆమె లేవలేదు. నా ఎడమ చేతికి పుత్తూరు కట్టు ఉంది. ఆ చెయ్యి విరిగింది ఆమె కోసమే. భూమి కదిలిన సాయంత్రం అందరం వీధిలోకి పరుగెత్తాక, మా ఆయన రామచంద్ర గేటు దగ్గర నిలబడి “అమ్మ లోపలే ఉండాది” అన్నాడు. అన్నాడే కానీ అడుగు కదపలేదు. నేను లోపలికి పోయి అత్తను లాక్కుని వస్తుంటే అటక మీది ఇత్తడి అండా జారి చేతి మీద పడింది. తర్వాత పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ ఆయన “చెప్తే వినదప్పా, మా అమ్మంటే దానికి ప్రాణం” అని చెప్పుకున్నాడు. వినడానికి బాగానే ఉంది కాబట్టి నేనూ ఊరుకున్నాను.

తిరుపతిలో మా వీధి పాతది. ఒకరి గోడకు ఒకరి గోడ ఆనుకున్న ఇళ్ళు. ఆ సాయంత్రం కొన్ని కూలాయి, చాలా వరకు పగుళ్ళిచ్చాయి. ఇంజనీర్లు వచ్చి చూసి సరేననేదాకా ఎవరూ ఇళ్ళల్లో పడుకోకూడదన్నారు. అందరం వీధి చివర ఉన్న కల్యాణ మండపంలో చేరాం. మగవాళ్ళు వెంటనే కమిటీ వేసుకున్నారు. రిటైరైన హెడ్మాస్టరు మునిరామయ్య సారు అధ్యక్షుడు, మా ఆయన కోశాధికారి. దుప్పట్లు ఎవరు తేవాలి, నీళ్ళ ట్యాంకరుకు ఎవరు ఫోన్ చేయాలి, అన్నీ చర్చించారు. వంట ఎవరు చేయాలన్నది మాత్రం చర్చకే రాలేదు. పిల్లలు ఆకలి అన్న మొదటి పూటే మేం పొయ్యిలు వెలిగించేశాం మరి. టీ కావాలని కమిటీ నుంచి కబురు వచ్చినప్పుడే మాకు వాళ్ళ మీటింగు మొదలైందని తెలిసేది.

ఆ రోజు నేను ఎవరినీ తోడు పిలవలేదు. పక్కింటి కృపారాణి తనే వచ్చి “జరుగక్కా” అని కట్టె అందుకుంది. అంత పెద్ద గిన్నెలో రాగిపిండి పోసి కెలకాలంటే ఒకరు గుడ్డతో గిన్నె అదిమి పట్టాలి, ఒకరు రెండు చేతులా కట్టె తిప్పాలి. నేను కాలితో, కుడిచేత్తో గిన్నె పట్టాను. ఆమె చెమటలు కారుతూ కెలికింది. ఉండ కట్టకుండా దింపాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాం. రాణి బట్టలు కుడుతుంది. ఆమె భర్త గిరి ఆటో నడుపుతాడు. అత్త ఆనందమ్మతో కలిసి ఆదివారం చర్చికి పోతారు. ఏళ్ళుగా మా గోడకు అవతలే ఉన్నా నన్ను చూస్తే ముఖం తిప్పుకునేది. ఆమె తీరే అంతేమో అనుకునేదాన్ని. ఈమెకు నవ్వడం వచ్చని ఆ రోజే తెలిసింది.

మండపంలో మూడు వారాలకు పైగా ఉన్నాం. ఒంటి చేత్తో జడ వేసుకోలేక జుట్టు ముడిపెట్టి వదిలేస్తుంటే, ఒక పొద్దున రాణి దువ్వెన తెచ్చుకుని నా వెనక కూర్చుంది. చిక్కులు తీస్తూ ఏవేవో చెప్పింది. జాకెట్టు కొలతలకు వచ్చే వాళ్ళ గొప్పలు, గిరి కోపం, కడుపులో పోయిన బిడ్డ. నేనూ చెప్పాను. అమ్మ పోయాక నా తల మీద ఇంకొకరి చెయ్యి పడడం అదే మొదటిసారి. మా అత్త దూరం నుంచి చూసి “సమయం సందర్భం లేకుండా ముచ్చట్లు” అంది. రాణి కెలికిన సంగటి రెండు ముద్దలు అప్పటికే తిని ఉంది కాబట్టి ఇంకేమీ అనలేకపోయింది. ఇల్లు కదిలిపోయి, చెయ్యి విరిగి, సాపల మీద పడుకున్న ఆ రోజుల్లో నేను సుఖంగా ఉన్నానంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ఉన్నాను.

తర్వాత ఇంజనీర్లు వచ్చారు. మా ఇంటికి ఢోకా లేదన్నారు. రాణి వాళ్ళ ఇల్లు పడగొట్టి కట్టుకోవాల్సిందేనన్నారు. ఆమె కుట్టుమిషను మీది కవరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా మేడ మీద రెండు గదుల వాటా ఖాళీగా ఉంది. అందులో బాడుగకు ఉన్న బ్యాంకు దంపతులు భయపడి నాయుడుపేటకు బదిలీ చేయించుకుని పోయారు. అదే మాట మా ఆయనతో అన్నాను, రాణి వాళ్ళకు ఇల్లు లేచేదాకా మేడ ఇద్దామని. ఆయన పేపరు మడిచి “నీ ఇష్టమే కదా వేణీ, నీ మాట నేనెప్పుడన్నా కాదన్నానా?” అన్నాడు. నాగవేణి అనే నన్ను ఆయన వేణీ అని పిలిచేది మనసు బాగున్నప్పుడే. నేను మండపానికి పరుగెత్తి చెప్పాను. ఆనందమ్మ నా విరగని చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. మాట ఇచ్చేశాను.

మరునాడు కట్టు మార్పించుకోవడానికి పుత్తూరు పోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మేడ మీద మిషను ఎక్కడ పెడితే వెలుతురు బాగుంటుందా అని ఆలోచించుకుంటూ పోయాను. వెదురు బద్దలు మార్చి, ఆకు పసరు పూసి కొత్త కట్టు కట్టించుకుని తిరిగొచ్చేసరికి మేడ మీద రెండు గదుల నిండా పైపులు. మా ఆయనది ప్లంబింగు సామాన్ల అంగడి. గోడౌను పగిలిందని సరుకంతా తెచ్చి అక్కడ పేర్పించాడు. ఇదేమిటంటే “వాళ్ళే రామన్నారు. గిరికి మొహమాటమంట. మెట్లు ఎక్కి దిగేది ముసలామెకు చేతగాదంట. నేనేం చేసేది?” అన్నాడు.

నేను నమ్మాను. రాణి మీద మండిపోయింది. నాకు చెప్పవలసిన మాట మగవాడితో చెప్పి పంపుతుందా, నేను అంత కానిదాన్నా అనుకున్నాను. తల దువ్విన చెయ్యి అంత తొందరగా ఎలా మారిపోయిందని ఏడ్చాను కూడా. వాళ్ళు ఇంకా మండపంలోనే ఉన్నారు, మేం ఇంటికి వచ్చేశాం. మండపం వైపు పోవడమే మానేశాను. వీధిలో ఎదురైనా ఇద్దరం తలలు తిప్పుకున్నాం. మా అత్త మాత్రం ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉందని సంతోషపడింది. ఇల్లు ఇల్లులా ఉండడమంటే నేను ఒంటి చేత్తో అంట్లు తోముతుండడం.

మా బోరు పైపు భూకంపంలో దెబ్బతింది. ఒక ఉదయం నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే నా ముందు ఆనందమ్మ ఉంది. నన్ను చూసి ముఖం తిప్పుకోకుండా, పక్కకు జరిగి, నా బిందె ముందు పెట్టమంది. అది నాకు ఇంకా గుచ్చుకుంది. ఉండబట్టలేక అడిగాను, రామని చెప్పడానికి అంత మొహమాటం ఎందుకమ్మా, ఆ మాట నాతోనే చెప్పుంటే పోయేది కదా అని.

ఆమె నన్ను వింతగా చూసింది. “మేము రామంటిమా? పెట్టె బేడా కట్టుకొని కూసుంటిమి కదమ్మా. నీ మొగుడే వచ్చినాడు. కిరస్తానమోళ్ళు మెట్లెక్కి దిగతా ఉంటే నీకు మైల అంట, నోరు జారి మాటిచ్చేసినానని నువ్వు ఏడస్తా ఉండావంట. ఆయప్పకు కండ్లల్లో నీళ్ళు. నాకేమీ లేదు పెద్దమ్మా, దానికి ఇష్టం లేదు, ఏం జేసేది అన్నాడు. పోనీలే నాయనా అని మేమే సమాధానం చెప్పి పంపిస్తిమి.” కొంచెం ఆగి, కోపమేమీ లేకుండా చెప్పింది. “నీ గుణం మాకు తెలిసిందే కదా. ఎండాకాలం బోరు నీళ్ళడిగితే గూడా నువ్వే గదా వద్దంటివి. ఆ పొద్దు నుంచే రాణికి నీ మీద మనసు ఇరిగింది. మండపంలో నిన్ను సూసి, మనిషి మారిందేమో అనుకునె.”

నా బిందె నిండి పొర్లిపోతోంది. నీళ్ళు అడిగారని నాకు తెలియదు. ఆ ఎండాకాలం నేనే ఆయన్ని అడిగాను, పక్కింటివాళ్ళకు నీళ్ళెలా అని. వాళ్ళకు కొళాయి వచ్చిందిలే అన్నాడు.

బిందె అక్కడే వదిలేసి ఇంటికి నడిచాను. నడుస్తున్నంతసేపూ ఒక్కొక్క ఇల్లూ నన్ను చూస్తున్నట్టే ఉంది. వీధిలో మా ఆయనకు మంచివాడని పేరు, నాకు గట్టిదని పేరు. గట్టిది అంటే సంసారం బాగా దిద్దుకునేదని మెచ్చుకోలనుకున్నాను. చందా కోసం వచ్చిన వాళ్ళు ఆయనతో నవ్వుతూ మాట్లాడి, నేను కాఫీ తెస్తే ఎందుకు గమ్మున అయిపోయేవాళ్ళు? మా ఆడపడుచు తన కూతురిని ఇక్కడ కాలేజీలో చేర్చాలనుకుని, చివరికి హాస్టల్లో వేసి, అప్పటినుంచి నాతో ముభావంగా ఎందుకుంది? ఆ పిల్ల మా ఇంట్లోనే ఉంటుందని నేను మంచం కూడా సర్ది పెట్టాను. మా పనిమనిషిని మాన్పించింది ఆయన. ఆమె శాపనార్థాలు పెట్టింది నన్ను. ఇన్నేళ్ళు ఆయన ఇవ్వదలుచుకోనిది ఏదీ ఆయన కాదనలేదు. అన్నీ నేనే కాదన్నాను, నాకు తెలియకుండా. పిండి కలపడం, అంట్లు, అత్త కాళ్ళకు మందు, ఇవన్నీ జీతం లేని పనులని తెలుసు. ఆయనకు రావలసిన తిట్లు కూడా నేనే తింటున్నానని, అది కూడా నా పనుల్లో ఒకటని తెలియదు. కంచే చేను మేయడమంటే నాకు ఇప్పుడు అర్థమైంది. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఇంకొక సంగతి గుర్తొచ్చింది.

నాయన.

నాయనకు గుండె జబ్బు వచ్చినప్పుడు తిరుపతి పెద్దాసుపత్రిలో చూపించేవాళ్ళు. పాకాల నుంచి రైల్లో రావడం, చూపించుకుని మళ్ళీ రైల్లో పోవడం. వారాల తరబడి అలాగే తిరిగాడు. మా ఇంట్లో ఉండు నాయనా అంటే తల అడ్డంగా ఊపేవాడు. కూతురింట్లో మకాం పెట్టడం మర్యాద కాదనుకునే పాతకాలం మనిషి కదా అనుకున్నాను. నేనే క్యారియరు తీసుకుని ఆసుపత్రి వరండాకు పోయేదాన్ని. తల ఎత్తకుండా తినేవాడు. “నీకెందుకమ్మా ఇబ్బంది” అనేవాడు ప్రతిసారీ. ఒకనాడు తిరుగు రైల్లోనే ఆయాసపడి పాకాల చేరకుండానే పోయాడు.

మేడ మీదికి పోయి, పైపుల మధ్య నిలబడి అన్న ఏకాంబరానికి ఫోన్ చేశాను. ఆ రోజుల్లో నాయన మా ఇంట్లో ఎందుకుండలేదని అడిగాను. ఇప్పుడెందుకులేమ్మా ఆ మాటలు అన్నాడు. నేను వదల్లేదు.

“మీ ఆయనే ఫోన్ చేసినాడు” అన్నాడు చివరికి. “అత్తను సూసుకునేదే నీకు కష్టమైపోయిందని, నాయన గూడా వస్తే నావల్ల గాదని నువ్వు అంటా ఉండావని చెప్పినాడు. నేను నీతో కొట్లాడతానంటి. నాయనే పడనీలేదు. దాన్నేమీ అడగొద్దురా, పాపం అలిసిపోయుంటాది అన్నాడు.”

ఫోన్ పెట్టేశాక నేను ఏడవలేదు. ఏడుపు కాదు అది. నాయన నన్ను క్షమించి పోయాడు, నేను చేయని దానికి. నా చేతి ముద్ద తింటూ, ఇది నన్ను వద్దనుకున్న బిడ్డ అనుకుంటూ, అయినా నాకు ఇబ్బందేమోనని అడుగుతూ పోయాడు. దీన్ని ఎవరు ఎక్కడ దిద్దగలరు? రాణికి చెప్పుకోవచ్చు. ఆనందమ్మకు చెప్పుకోవచ్చు. నాయనకు ఎవరు చెప్తారు?

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన్ని అడిగాను. ఆయన గొంతు పెంచలేదు. ఆయనెప్పుడూ పెంచడు. మజ్జిగ పోసుకుంటూ, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. “నేను నలుగుర్లో తిరిగేవాణ్ణి వేణీ. నేను లేదంటే పగ పెట్టుకుంటారు. నీ పేరు చెప్తే ఆడోళ్ళ మాటలే అని వదిలేస్తారు. దీంట్లో నీకు పోయిందేముండాది?” నాయన సంగతి అడిగితే మాత్రం కంచంలో చెయ్యి ఆగింది. “అప్పుడు అమ్మకు బాగలేదు. నీకు కష్టమనే అట్ల చెప్పినా” అన్నాడు. అంటే అది కూడా నా కోసమే.

మా అత్త లోపలి నుంచే అందుకుంది. మొగవాడి పరువు నిలబెట్టేది పెళ్ళాం కాకపోతే ఇంకెవరంది. “మీ మామ గూడా నా పేరే జెప్పేవాడు. మా చెల్లెలు సచ్చేదాకా నా గడప తొక్కలేదు. నేనేమన్నా అడిగినానా?” అంది గర్వంగా. తర్వాత ఆమె ముఖంలో గర్వం నిలవలేదు. లేచి కొంగుతో మూతి తుడుచుకుని పెరట్లోకి పోయింది. ఆమె మీద అంతకుముందు ఎన్నడూ లేని జాలి పుట్టింది నాకు. ఆయన మీద మాత్రం ఏమీ పుట్టలేదు.

శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. మండపం ఖాళీ చేయాలి. ఇంకా అక్కడ మిగిలిన కుటుంబాలకు ఎవరెవరి ఇళ్ళల్లో చోటుందో తేల్చడానికి ఆదివారం సాయంత్రం మునిరామయ్య సారు వీధివాళ్ళందరినీ పిలిచాడు. మా ఆయన ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నాడు. నేను వస్తానని ఆయనకు చెప్పలేదు. వెనక ఆడవాళ్ళతో పాటు సాప మీద కూర్చున్నాను. రాణి నాకు నాలుగు బారల దూరంలో ఉంది. ఒకసారి చూసి కళ్ళు దించుకుంది.

ఒకాయన వరండా ఇస్తానన్నాడు. ఇంకొకాయన అంగడి వెనక గది ఇస్తానన్నాడు. సారు మా ఆయన వైపు తిరిగి, రామచంద్రా, నీ మేడ ఉంది కదప్పా, గిరి వాళ్ళకు ఇస్తే వాళ్ళు వాళ్ళ స్థలం పక్కనే ఉన్నట్టుంటుంది అన్నాడు. మా ఆయన లేచి చేతులు జోడించాడు. ఆ దణ్ణంలో ఎంత వినయముందో చెప్పలేను. “నా మట్టుకు నేను ఈ క్షణమే తాళం ఇచ్చేస్తా సార్. గిరి నాకు తమ్ముడి లెక్క. మా ఇంట్లో ఆమెకే కొంచెం పట్టింపు. మీకు తెలిసిందే కదా. ఆమె ఒప్పుకుంటే నాకేం అభ్యంతరముండాది.”

ముందున్న తలలన్నీ సానుభూతిగా ఊగాయి. ఆ ఊపు ఎన్నేళ్ళుగా నా మీద ఊగుతోందో అప్పుడు చూశాను.

నేను లేచి నిలబడ్డాను. కట్టు కట్టిన చేతిని కుడిచేత్తో పట్టుకున్నాను. “సార్, నేను ఒప్పుకున్నాను” అన్నాను. తలలు వెనక్కి తిరిగాయి. “భూకంపం వచ్చిన నెలలోనే ఒప్పుకున్నాను. బోరు నీళ్ళకు కూడా ఒప్పుకొనేదాన్నే. నన్ను ఎవురూ అడగలేదు. ఇన్నేండ్లు నా పేరుతో మీకు వచ్చిన మాటల్లో నాది ఒక్కటీ లేదు. మీ ముందర నేను మాట్లాడేది ఇదే మొదలు.”

మా ఆయన నవ్వబోయాడు. మునిరామయ్య సారు కళ్ళద్దాలు తీసి ఆయన్నే చూస్తూ “ఏమప్పా, ఆమె ఒప్పుకునింది కదా, ఇంకేం అభ్యంతరముండాది?” అన్నాడు. అంతా నా ఇష్టమేనని పదిమందిలో ఇన్నేళ్ళు చెప్పిన మనిషి ఇప్పుడు నా ఇష్టాన్ని పదిమందిలో ఎలా కాదంటాడు? జేబులోంచి తాళం తీసి గిరి చేతిలో పెట్టాడు.

బయట చెప్పుల దగ్గర రాణి నా కోసం ఆగింది. సంతోషిస్తుందనుకున్నాను. “ఆయన మాట నేనూ నమ్మినా, నువ్వూ నమ్మినావు. నన్నొచ్చి ఒక్క మాట అడగలేకపోతివే అక్కా” అంది. నువ్వు కూడా అడగలేదు కదా అనబోయి ఊరుకున్నాను. ఇద్దరం కలిసి మా ఇంటిదాకా నడిచాం.

మరునాడు గిరి, ఇంకొందరు కలిసి పైపులు దింపారు. రెండు గదుల్లో పెద్దది వాళ్ళకు ఇచ్చాను. చిన్న గదిలో నా సాప, నా బట్టలు పెట్టుకున్నాను. ఇది కోపంలో చేసిన పని కాదు. కింద ఆ ఇంట్లో అన్నం వడ్డిస్తూ, ఈ పూట నా నోటితో ఎవరికి ఏం చెప్పి వచ్చాడో అని ఆయన ముఖం చూస్తూ బతకడం నావల్ల కాదు. అత్తకు మందు వేళకు దిగి ఇస్తాను. ఆమె కూడా నాలాంటిదే. మిగిలినవి ఎవరికి కావలసినవి వాళ్ళు చేసుకుంటారు.

మూడోనాటి సాయంత్రం ఆయన మెట్ల మీద సగం దాకా ఎక్కి ఆగాడు. చొక్కా నలిగి ఉంది. పెద్ద గదిలో రాణి మిషను ఆపింది. ఆయన ఆమెకు వినపడకుండా మెల్లగా అన్నాడు. “చాల్లే వేణీ, కిందికి రా. అంగడి దగ్గర అడగతా ఉండారు, చుట్టాలు అడగతా ఉండారు. నేనేమని చెప్పేది?”

“ఎప్పుడూ చెప్పేదే చెప్పండి, ఆమెకు ఇష్టం లేదంట అని” అన్నాను. “ఈసారి నన్ను అడిగినాకే కదా చెప్పేది.”